రొట్టెల వరసలో వినపడ్డ పేరు

ఇది నేను ఇంతకుముందు రాయలేకపోయాను. మొదట్లో నాకు అక్షరాలు రావు. అక్షరాలు వచ్చాక ధైర్యం రాలేదు. నోటితో అన్న మాటైతే నేను అనలేదని చెప్పుకోవచ్చు. కాగితం మీద పెట్టింది ఎవరి చేతిలో పడితే వాళ్ళకి చిక్కినట్టే. ఈ గల్ఫులో, ఇంకొకరి దేశంలో, ఇంకొకరి ఇంట్లో పనిచేసుకుని బతికేవాళ్ళకి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ పిల్ల గురించి రాద్దామని పెన్ను తీసిన ప్రతిసారీ తలుపు వైపు చూసి మళ్ళీ మూత పెట్టేసేదాన్ని.

ఈ రోజు పొద్దున్న రొట్టెల దుకాణం దగ్గర ఆమె పేరు వినపడింది. అందుకని ఈ ఇంటి పిల్లలు బడి నుంచి వచ్చేలోపు, ఇస్త్రీ బట్టలు పక్కన పెట్టుకుని రాస్తున్నాను. ఎవరైనా వస్తే ఇస్త్రీ చేస్తున్నట్టు ఉంటుంది.

పేరు మాత్రం రాయను. శుక్రవారాలు మనామా పట్నంలో కలిసేవాళ్ళం అందరం ఆమెని ఎమ్మే అనేవాళ్ళం. ఇక్కడా అదే అంటాను.

కర్జకాన్ అనే ఈ ఊళ్ళో మా మేడం ఇంటికి రెండు సందుల అవతల ఆ దుకాణం. దుకాణమంటే గోడకి ఒక కిటికీ, లోపల తందూరు, కిటికీ కింద పిండి రాలి ఎప్పుడూ తెల్లగా ఉండే సిమెంటు గట్టు. పొద్దున్నే ఊళ్ళోని ఇళ్ళ నుంచి పనివాళ్ళం వచ్చి నిలబడతాం. ఆడవాళ్ళ వరస వేరు, మగవాళ్ళ వరస వేరు. ఈ పొద్దున్న నా వంతు ఇంకా రాలేదు. వెనక కారు హారన్ మోగింది. ఆ వెంటనే డ్రైవరు ఆ పేరు పెట్టి కేకేసి, యల్లా, జల్దీ అన్నాడు.

నా చేతిలోని రొట్టెల గుడ్డ జారిపోయింది. ఎమ్మే తిరిగొచ్చేసిందనుకున్నాను. వెనక్కి చూస్తే కారు ఎమ్మే పనిచేసిన ఇంటిదే, డ్రైవరు అతనే. కారు దిగి నిలబడ్డది మాత్రం ఎవరో సన్నటి పిల్ల. కొత్తగా వచ్చినట్టుంది, తల మీద చున్నీ నిలవక మాటిమాటికీ సర్దుకుంటోంది. డ్రైవరు రెండోసారి పిలిచేదాకా ఆ పేరు తనదేనని ఆ పిల్లకి తెలియలేదు.

ఇక్కడ కొన్ని ఇళ్ళలో ఇదొక పద్ధతి. ముందు పనిచేసి వెళ్ళిన మనిషి పేరే తరవాత వచ్చిన మనిషికి పెట్టేస్తారు. పిల్లల నోటికి అలవాటైపోయిందంటారు, కొత్త పేరు నోరు తిరగదంటారు. అందులో చెడ్డ ఉద్దేశం ఉందని నేననను. నా పేరు వీరవేణి. మా మేడం ఇంట్లో నన్ను కుమారి అంటారు. కుమారి నాకంటే ముందు ఆ ఇంట్లో చేసిన శ్రీలంక ఆవిడ. నేనామెని చూడనే లేదు. ఆమె వదిలేసి వెళ్ళిన చెప్పులు నాకు సరిపోయాయి, ఆ పేరూ అలాగే వేసుకుని తిరుగుతున్నాను.

ఎమ్మే ఒక్కతే దానికి ఒప్పుకోలేదు. అలాగని గొడవ పెట్టుకునే మనిషి కాదు. పాతామె పేరుతో పిలిస్తే వినపడనట్టు ఉండిపోయేది. మేడం గొంతు పెంచితే వణికేది. వణుకుతూ నిలబడేది గాని పలికేది కాదు. చెవుడేమోనని ఆసుపత్రికి కూడా తీసుకెళ్ళారట. చివరికి విసుగెత్తి ఆమె పేరుతోనే పిలవడం మొదలుపెట్టారు. అంత కష్టపడి దక్కించుకున్న పేరు ఇప్పుడు ఇంకో పిల్లకి తగిలించారు.

ఇదంతా చదివి ఎమ్మే ధైర్యస్థురాలని అనుకోవద్దు. అంత భయస్థురాలిని నేను ఎక్కడా చూడలేదు. ఎక్కడ కూర్చున్నా తలుపు కనపడేటట్టు కూర్చునేది. అందరం చెప్పులు గుమ్మంలో విడిస్తే తను మాత్రం ఒళ్ళో పెట్టుకునేది. ఖాళీ రోడ్డు మీద కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడేది. ఆమె ఫోను ఏనాడూ మోగలేదు, ఎప్పుడూ చప్పుడు తీసేసి ఉండేది. పోలీసు కారు దూరంగా పోతున్నా నా చెయ్యి పట్టుకునేది, ఆ చెయ్యి చల్లగా ఉండేది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నదానివి, నీకెందుకే అంత భయం అంటే, "ఎందుకో తెలిస్తే పోయేది కదా పిన్నీ" అనేది.

ఆమెదీ మా గోదావరి వైపే. వయసులో నా కూతురు లాంటిది, అందుకే పిన్నీ అని వరస కలుపుకుంది. ఊళ్ళో డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క, ఇంటిపని వీసా మీద వచ్చింది. డిగ్రీ సంగతి ఏజెంటుకి చెప్పలేదు, మేడంకీ చెప్పలేదు. ఇక్కడికి వచ్చాక ఫోనులో ఎమ్మేకి కట్టింది. తెలుగు మీడియమే. కమ్యూనిటీ డెవలప్‌మెంట్. ఆ మాట మొదటిసారి రొట్టెల వరసలో నా చెవిలో చెప్పినప్పుడు, ఏ కమ్యూనిటీనే బాగుచేస్తావు, మీదా మాదా అని అడిగాను. మా వైపు కమ్యూనిటీ అంటే కులమే మరి. నోరు మూసుకుని నవ్వింది, నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. తరవాత, "ఇక్కడ మనమే పిన్నీ ఆ కమ్యూనిటీ. ఈ వరసలో నిలబడ్డవాళ్ళం" అంది.

పాఠాలు ఇస్త్రీ చేస్తూ వినేది. తలగుడ్డ కింద ఒక చెవిలో ఇయర్‌ఫోను, రెండో చెవి మేడం కోసం. ఎక్కడైనా పాఠం గట్టిగా పట్టుకుంటే ఆ ఇంటి అయ్యగారి తెల్ల చొక్కా ఒకటే రెండు మూడు సార్లు ఇస్త్రీ అయ్యేది. మీ ఇంటాయన బట్టలు చూస్తేనే తెలుస్తుందే నీకు పరీక్షలు దగ్గర పడ్డాయని, అని ఏడిపించేదాన్ని.

ఇంకో అలవాటు ఉంది. కిటికీలోంచి రొట్టెలు రాగానే పైదాని మాడిన అంచు తుంచేది. సగం తన నోట్లో, సగం నా చేతిలో. మేడం చూడకూడదని గబుక్కున మింగేసేది. దొంగతనం చేస్తున్నట్టు గుటకలు మింగుతూ, ఆ పొద్దుటికి మేమిద్దరం ఒకచోట తిన్నట్టు లెక్క అనేది.

ఆ చదువులో మనుషుల దగ్గరికి వెళ్ళి పనిచేసి చూపించే భాగం ఒకటుంటుంది. దాని కోసం శుక్రవారం సెలవు దొరికే మా నలుగురైదుగురిని మనామాలో అప్పయమ్మ గదికి చేర్చింది. అప్పయమ్మ బట్టలు కుడుతుంది. వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, కఫీల్ అంటారు, ఆయన ఇల్లు వదిలి బయటికొచ్చేసిన మనిషి, కాగితాలు లేవు. ఆ గదిలో ఎమ్మే మొదటిరోజు చేసిన పని, ఒక్కొక్కరినీ నీకేం కావాలి అని అడగడం. ముందు అది అడిగే ఏ పనైనా మొదలుపెట్టాలట, పుస్తకంలో ఉందట. ఒకామె నిద్ర కావాలంది. ఒకామె పచ్చిమిరపకాయ బజ్జీలంది. తరవాత నా వంతు వచ్చింది. ఆ ప్రశ్న అంతకుముందు నన్నెవరూ అడగలేదు. ఏజెంటు ఆఫీసులో నా వేలు పట్టుకుని అరబ్బీ కాగితం మీద అద్దిన రోజు గుర్తొచ్చింది. అందులో ఏం రాసుందో ఇప్పటికీ తెలియదు. నా పేరు నేను రాసుకోవాలి అన్నాను. మిగతావాళ్ళు కూడా, అయితే మాకూ అదే అన్నారు. బజ్జీలడిగినామె కూడా.

అలా మా చదువు పేర్లతో మొదలైంది. అ ఆలు తరవాత. అప్పయమ్మ కత్తిరింపు బల్ల మీద నల్లగుడ్డ పరిచి, టైలరు సుద్దతో రాయించేది. వారం మధ్యలో మరిచిపోకుండా నా చేత రొట్టెల దుకాణం గట్టు మీద, పిండిలో వేలితో దిద్దించేది. రాయగానే తన అరచేత్తో చెరిపేసేది. నా పేరు ఎవరైనా చూస్తారేమోనని నాకంటే ఆమెకే ఎక్కువ బెంగ. భయం వేసినప్పుడల్లా ఒకటే అనేది: "భయం డ్యూటీ అది చేసుకుంటది పిన్నీ. మన డ్యూటీ మనం చేసుకుందాం."

చివరి ఏడాదిలో ఆమె గైడు సారు మెలిక పెట్టారు. రాసి పంపింది చాలదు, ఆ మనుషులు ఉన్నారో లేరో వీడియోలో ఒకసారి తన కళ్ళతో చూడాలి, చూస్తేనే సంతకం పెడతానన్నారు. ఆ సంగతి మాకు చెప్పడానికి ఎమ్మే వారాలకి వారాలు తాత్సారం చేసింది. చెప్పిన రోజు గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి. మొహం ఫోనులో పడితే ఏ దారిన ఎక్కడికి పోతుందో, ఏ మేడం కంట పడుతుందో. జనాన్ని పోగేసి ఏదో నేర్పుతున్నారని ఎవరైనా చెబితే మమ్మల్ని విమానం ఎక్కిస్తారు. అప్పయమ్మకి అంతకంటే ఎక్కువే అవుతుంది. ఎమ్మే ఎవరినీ బతిమాలలేదు. వద్దంటే వద్దు అని చెప్పులు ఒళ్ళోంచి తీసి వేసుకుంది.

ఉపాయం చెప్పింది అప్పయమ్మే.

"అందరం నల్లగా కప్పేసుకుని కూర్చుందాం. కళ్ళు తప్ప ఏమీ కనపడకూడదు. మీ సారు కాదు కదా, నా పెనిమిటి దిగొచ్చినా నన్ను పోల్చలేడు."

మేడంలు ఇచ్చిన పాత అబాయాలు, బురఖాల్లాంటి నల్ల అంగీలు, మా అందరి దగ్గరా ఉన్నాయి. మొహానికి కట్టుకునే ముసుగులు అప్పయమ్మ కుట్టింది. గుడ్డ చాలక, మేము పలకలా వాడుకునే నల్లగుడ్డ తీసి తన వీపు మీదుగా తానే కప్పుకుంది. శుక్రవారం మధ్యాహ్నం, తలుపు గడియ పెట్టి, కిటికీకి దుప్పటి కట్టి, ఫోనుని కుట్టుమిషను మీద ఆనించింది ఎమ్మే. లోపల ఉక్క. ఎవరో తుమ్మితే అందరం అదిరిపడ్డాం.

సారు మొహం వచ్చింది. పెద్దాయన. మమ్మల్ని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎవరమ్మా వీళ్ళంతా? నువ్వు గోదావరి ఆడవాళ్ళతో పనిచేస్తున్నానని రాశావు."

"వీళ్ళేనండి సార్."

"అది నాకెలా తెలియాలి? మొహాలు లేని మనుషుల్ని చూశానని నేనెలా సంతకం పెట్టను?"

ఫోను వెనక ఎమ్మే చేతులు నాకు కనపడుతున్నాయి. ఒక చెప్పు పట్టుకుని పిసుకుతోంది. సారు కఠినమైన మనిషి కాదు. పోనీ మొహాలు వద్దు, చదువు చూపించండి, ఎవరైనా ఒకరు తెలుగులో ఒక మాట రాయండి చాలు అన్నారు.

అప్పుడు తెలిసొచ్చింది మేము ఎక్కడ ఇరుక్కున్నామో. మాకు తప్పుల్లేకుండా రాయడం వచ్చిన మాట ఒక్కటే, ఎవరి పేరు వాళ్ళకి. మొహం దాచుకున్నవాళ్ళం పేరు రాసి చూపించాలి. ఎమ్మేకి అది మా అందరికంటే ముందే అర్థమైనట్టుంది. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి మా వైపు తిరిగింది.

"ఎవరూ లేవద్దు. పోతే నా పరీక్ష పోద్ది, అంతే కదా" అంది.

ఆ పరీక్ష పోతే ఆమెకి మిగిలేది ఏమిటో నాకు తెలుసు. ఇస్త్రీబల్ల. నేనెందుకు లేచానో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను. సుద్ద తీసుకున్నాను. పలక ఏదీ అని చూస్తే అది అప్పయమ్మ కప్పుకుని ఉంది. కదలకు అని చెప్పి, ఆమె వీపు మీదే రాశాను. అప్పయమ్మ ఊపిరి బిగబట్టింది. వీ. ర. వే. ణి. చివరి గుడి కొంచెం వంకర పోయింది. ఎమ్మే చెయ్యి తీసేసి, ఫోను ఎత్తి అప్పయమ్మ వీపుకేసి తిప్పింది.

సారు ముందుకి వంగి, నెమ్మదిగా కూడబలుక్కున్నట్టు చదివారు.

"వీరవేణి గారూ, నమస్కారమండి."

ఈ దేశంలో నా పేరు పక్కన గారు అన్న మాట వినడం అదే మొదటిసారి. సంతోషపడాలి కదా. ఆ క్షణంలో నాకు కలిగింది భయమే. ఆ మాట ఫోనులోంచి వచ్చి గది గోడలకి తగిలి, దుప్పటి దాటి వీధిలోకి పోతుందేమోనని. ఫోను పెట్టేశాక అప్పయమ్మ, "నా వీపున ఏం పెట్టావే తల్లీ" అంటూ ఆ గుడ్డ నీళ్ళలో ముంచి, సబ్బుతో ఉతికి, ఆరాక వెలుతురుకి పట్టి చూసి, మళ్ళీ ఉతికింది. అందరూ నవ్వారు గాని ఆమె చేతిలోంచి గుడ్డ ఎవరూ లాక్కోలేదు. ఎమ్మే నవ్వలేదు. నా కాళ్ళ దగ్గర కూర్చుని నా ముసుగు ముడి విప్పింది. ఎప్పుడు వదిలేసిందో, ఆమె చెప్పులు కుట్టుమిషను కింద పడి ఉన్నాయి. వాటిని మరిచిపోయి కూర్చోవడం ఆమె విషయంలో నేను చూసింది అదొక్కసారే.

ఆ తరవాత చాలా రోజులు గుమ్మంలో ఎవరు బెల్లు కొట్టినా నాకోసమేననుకున్నాను. నాకోసం ఎవరూ రాలేదు.

ఒక పొద్దున్న వరసలో ఎమ్మే నా వెనక చేరింది. చేతిలో గుడ్డ ఎప్పటిలాగే ఉంది. నోటికి చెయ్యి అడ్డం మాత్రం పెట్టుకోలేదు. వెనక్కి తిరక్కుండా విను పిన్నీ అంటూ చెప్పుకుపోయింది. ముందు రోజు ఫోను వంటింట్లో చార్జింగులో ఉందట. ఏదో కాగితం గురించి సారు ఫోను చేశారట. మోగకపోయినా వెలిగింది కదా, మేడం ఎత్తింది. మీ ఇంట్లో నా స్టూడెంటు ఉంది, ఇస్తారా అని ఆయన ఇంగ్లీషులో మర్యాదగా అడిగారు. మేడం ముందు నవ్విందట. తరవాత అడిగిందట, ఏం చదువుతావు, ఎవరి గురించి రాస్తావు, మా ఇంటి గురించి ఏం రాశావు అని. ఎమ్మే ఫోను తెరిచి రాసిందంతా చూపించింది. అంతా తెలుగు. మేడం కిందికీ పైకీ జరుపుతూ పోయిందట. చదవడం రాని కాగితం ముందు పెడితే ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆవిడకి కూడా ఆ రోజు ఆ భయమే పట్టుకుంది. ఖలాస్ అంది. అరిచింది లేదు, కొట్టింది లేదు. టిక్కెట్టు తీయించింది.

"ఇంట్లో రొట్టెలు తేవడానికి ఇంకెవరూ లేరంట, అందుకే పంపారు. మధ్యాహ్నం ఫ్లైటు" అంది ఎమ్మే.

నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఏడవకు పిన్నీ, డ్రైవరు చూస్తున్నాడు. మీ పేర్లు అందులో ఎక్కడా రాయలేదు. ఒట్టు. నేను అంత పిరికిదాన్ని కదా."

మరి నీ రిజల్టు అన్నాను. ఇంకా రాలేదంది. రొట్టెలు వచ్చాయి. పైదాని అంచు తుంచి, ఈసారి సగం చెయ్యకుండా మొత్తం నా చేతిలో పెట్టి, కారెక్కింది.

ఆమె ఇక్కడి నంబరు ఆగిపోయింది. ఊరి నంబరు నా దగ్గర లేదు. తీసుకుని ఉంచుకోవడానికి ఇద్దరికీ భయమే. పాసైందో లేదో తెలియదు. ఆమె వెళ్ళాక అప్పయమ్మ గదిలో పాత పేపర్లు ముందేసుకుని, ఆగిన చోటి నుంచి నేను చదువుకుంటూ వచ్చాను. ఎన్నో శుక్రవారాలు పట్టింది. ఇప్పుడు ఇంత రాయగలుగుతున్నాను. ఆమె చదివితే తప్పులు దిద్దుతుంది.

మెట్ల మీద అడుగుల చప్పుడవుతోంది. ఆపుతున్నాను.

పైదంతా నిన్న రాసింది. ఈ రోజు పొద్దున్న కొంచెం ముందే బయల్దేరి వెళ్ళాను. కారు వచ్చి ఆగేదాకా నా వెనకవాళ్ళని ముందుకి పంపిస్తూ నిలబడ్డాను. ఆ పిల్ల వచ్చి నా వెనక నించుంది. తెలుగుపిల్లేనని నిన్ననే అనిపించింది. తిరక్కుండానే అడిగాను.

"నీ అసలు పేరేంటమ్మా?"

కారు వైపు చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"ఎందుకండి? ఎవరికైనా చెప్తారేటి?"

శ్రీకాకుళం వైపు మాట.

"చెప్పను. రాస్తాను."

ఊపిరి తీసుకుంటున్నంత చిన్నగా చెప్పింది. కిటికీ కింద గట్టు మీద పిండి ఉంది. రాశాను. ఈ అక్షరం ఇది, ఈ అక్షరం ఇది అని చూపించాను. అరచేత్తో చెరపబోతే ఆ పిల్ల నా మణికట్టు పట్టుకుంది. దాని చెయ్యి కూడా చల్లగానే ఉంది.

"కాసేపు ఉండనీయండి పిన్నీ" అంది.

హారన్ మోగింది. డ్రైవరు అద్దం దించి ఎమ్మే పేరుతో కేకేశాడు. ఆ పిల్ల పలకలేదు, గట్టు మీదికే చూస్తోంది. రొట్టెలు వచ్చేదాకా నేను కారుకీ ఆ గట్టుకీ మధ్య అడ్డంగా నిలబడ్డాను.